రాస్ అల్ ఖైమా దాకా సైకిల్

“ప్రతి శుక్రవారం షార్జా నుంచి రాస్ అల్ ఖైమాకు సైకిల్ మీద పోయొస్తా” అని షాహబాజ్ కోతలు కోశాడు గనుకే ఈ తిప్పలన్నీ.

ఉమ్ అల్ కువైన్‌లో హైవే పక్కన మందుల షాపులో పనిచేసే ఆఫ్రీన్ ఆ మాట నమ్మింది. వారం వారం చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఓఆర్ఎస్ పొట్లం కొని, అది తాగడానికి అరగంట తీసుకునే ఆ నెల్లూరు కుర్రాడంటే ఆమెకు మనసైంది కూడా. ఆ సంగతి అతనొక్కడికే తెలియదు.

ఈ ఉదయం ఆమె అతని చేతిలో స్టీలు డబ్బా పెట్టింది.

“గోంగూర పచ్చడి. రాస్ అల్ ఖైమాలో మా మేనత్త హలీమాబీకి ఇవ్వండి. ఇవాళ సాయంత్రం ఆమె నా పెళ్ళికి మస్కట్ వాళ్ళకి మాటిచ్చి, అందరి నోట్లో చక్కెర పోస్తుందట. మీరేమన్నా అడగాలనుకుంటే ముందే అడగండి.”

“నేనేం అడగాలి?”

“అదీ నేనే చెప్పాలా? ఎట్లాగూ ఆ దారినే కదా పోతారు.”

పాపం, అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. డబ్బా కట్టుకుని సైకిలెక్కాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. రోడ్డుకు అడ్డంగా ఇసుక పాకుతోంది. ఆఫ్రీన్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. దగ్గు మందులు తీసుకెళ్ళి పౌడర్ డబ్బాల మధ్య సర్దింది.

“అమ్మాయ్, తలుపు ఊరికే తియ్యబాక, ఏసీ పోతుండాది,” అన్నాడు షాపులో పెద్దాయన ఇమామ్ హుస్సేన్. “ఆ పిలగాడు ఏనాడన్నా రాస్ అల్ ఖైమా పోతే గదా. మన షాపు దాటంగానే షార్జాకే తిరుక్కుంటాడు.”

“ఇవాళ కూడానా?”

“ఇవాళ చూళ్ళేదు. టీ తాగను పోయుంటి.”

ఆమెకు ఒళ్ళు మండింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. మేనత్తకు ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎంగేజ్.

పొద్దు వాలుతుండగా వచ్చాడు షాహబాజ్, రాస్ అల్ ఖైమా వైపు నుంచే. కనుబొమల నిండా ఇసుక, పెదాలు పగిలిపోయాయి.

“నిజంగా పోయారా?”

“ఇవాళే పోయా. ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధం. మీ షాపు దాకా రావడానికే ఈ సైకిల్ కొన్నా. ఆ మాటంటే నవ్వుతారని.”

“మా అత్తకేం చెప్పారు?”

“గుమ్మంలోనే కూలబడ్డా. నీళ్ళిచ్చి ఎవుర్రా నువ్వు అంది. ఆఫ్రీనంటే ఇష్టం అన్నా. ఇంకో మాటకు ఊపిరి లేదు. ఆమె ఫోన్ తీసుకుని లోపలికి పోయింది. చానాసేపటికి వచ్చి డబ్బా తిరిగిచ్చి పొమ్మంది.”

ఆఫ్రీన్ మూత తీసింది. నిండా చక్కెర.

మస్కట్‌కు మాటిచ్చేసిన చక్కెరా ఇది?

అంతలో ఫోన్ మోగింది.

“పిల్లా, వచ్చాడా వాడు?” అంది హలీమాబీ. “మస్కట్ వాళ్ళకి ఖలాస్ అని చెప్పేసినా. తిడతానే ఉండారు ఇంతసేపూ. మీ నాయనకు నేను చెప్పుకుంటాలే. ముందు వాడి నోట్లో చక్కెర పొయ్యి, కళ్ళు తిరిగి పడేటట్టుండాడు.”

ఆఫ్రీన్ ఫోన్ పెట్టేసి, గుప్పెడు చక్కెర తీసుకుంది.

“నోరు తెరవండి,” అంది.

“ముందు ఓఆర్ఎస్…” అంటూనే తెరిచాడు షాహబాజ్.