ఆరో లైన్

"రేపు పొద్దున ఫ్రాన్స్ ప్రభుత్వం పడిపోతుంది. మనం ఆపాలి," అన్నాడు పద్మనాభం మఫ్లర్ సర్దుకుంటూ.

అమెరికాలో, పార్సిప్పనీలోని ఆ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో సాయంత్రమైతే వాకింగ్ ట్రాక్ నిండా పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళే. తెల్ల స్నీకర్లు, మఫ్లర్, చెవికి మెషీన్‌తో నడుస్తున్న పద్మనాభాన్ని చూస్తే ఎవరైనా రిటైర్డ్ హెడ్మాస్టరే అనుకుంటారు. ఆ చెవి మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపూ చుట్టుపక్కల ఏ మైక్‌కీ ఆయన మాటలు చిక్కవు. భారత గూఢచారి విభాగంలో ఆయన కోడ్ నేమ్ 'తాతగారు'. పక్కన నడుస్తున్న తేజేశ్వర్ పైకి హెచ్1బీ వీసా మీదొచ్చిన టెస్టింగ్ కన్సల్టెంట్, లోపల ఏజెంట్. అతన్ని ఈ వృత్తిలోకి తెచ్చిందీ, తుపాకీ పట్టడం నేర్పిందీ పద్మనాభమే. కన్నతండ్రి పోయాక తేజేశ్వర్ వంగి కాళ్ళకు దండం పెట్టేది ఈయనొక్కడికే.

"మళ్ళీనా బాబాయ్? అక్కడ ప్రధానులు మా రూమ్మేట్లకన్నా స్పీడ్‌గా మారిపోతున్నారు."

"నవ్వకు. మన సబ్‌మెరైన్ సోనార్ ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన మంత్రి ప్రతిసారీ ప్రభుత్వంతోపాటు కొట్టుకుపోతున్నాడు. పెన్ను మూత తీయడం, పెట్టడం. ఇదే మన పనైపోయింది. దీని వెనక 'కేరసెల్' అనే ముఠా ఉంది."

విభాగం పంపిన సమాచారంతో బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. రేపు ఫ్రెంచ్ పార్లమెంటులో అవిశ్వాస తీర్మానం. చిన్న పార్టీల సభ్యులు కొందరు ఎటూ తేల్చుకోలేదు. ఓటింగ్‌కి కాస్త ముందు ప్రధాని గొంతుతో తయారుచేసిన దొంగ టేప్ వాళ్ళ ఫోన్లకి చేరుతుంది. అందులో ఆయన వాళ్ళని నోటికొచ్చినట్టు తిడతాడు. ఇక చూసుకోనక్కర్లేదు. ఆ టేప్ బయలుదేరేది ఇక్కడి హైవే పక్కన, డేటా కంపెనీ ముసుగులో నడుస్తున్న ఓ ఆఫీస్ నుంచి.

"లోపల మన రాగిణి ఉందిగా?"

పద్మనాభం నడక ఆపాడు. "ఆ అమ్మాయి అటు తిరిగిపోయింది. జాగ్రత్త. ఈ పనిలో నన్ను తప్ప ఎవర్నీ నమ్మకు."

తేజేశ్వర్‌కి మనసు చివుక్కుమంది. రాగిణి యానాం పిల్ల. తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు. ఆమె ఫ్రెంచ్ మాట్లాడితే పారిస్, తెలుగు మాట్లాడితే గోదావరి గట్టు. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కోటుతో ముఠా ఆఫీస్‌లో పీఆర్ డైరెక్టర్‌గా తిరుగుతూ మనకు రహస్యాలు మోసే డబుల్ ఏజెంట్. అలాంటి మనిషి కూడా అమ్ముడుపోయిందంటే ఇంక చెప్పేదేముంది?

మర్నాడు పొద్దున్న తేజేశ్వర్ కేటరింగ్ మనిషి వేషం వేశాడు. తలకి టోపీ, మూతికి అతికించిన మీసం, చేతుల్లో అల్యూమినియం ట్రేలు. అమెరికాలో బ్యాడ్జ్ లేనిదే ఏ ఆఫీస్ తలుపూ తెరుచుకోదు. అదే చేతిలో వేడివేడి ఇడ్లీలుంటే మాత్రం ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి మరీ తలుపు పట్టుకుంటారు. ఇడ్లీల కింద ఓ జామర్ ఉంది. మీట నొక్కితే ఆ అంతస్తులోంచి ఒక్క సిగ్నల్ కూడా బయటికి పోదు.

కాన్ఫరెన్స్ రూమ్ దగ్గర రాగిణి ఎదురైంది.

"మేడమ్, గోంగూర పచ్చడి కూడా కావాలన్నారా?" కోడ్ వాడాడు తేజేశ్వర్.

"స్టోర్‌లో అయిపోయిందంటండి. తోటకూరే ఉందంట." జవాబు సరిగ్గానే వచ్చింది.

గదిలోకి అడుగుపెట్టాడు. ఖాళీ టేబుల్. ఒక్క లాప్‌టాప్ లేదు. వెనకాలే వచ్చిన రాగిణి తలుపు మూసింది. చటుక్కున తిరిగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఎక్కడ పెట్టావ్ టేప్?"

"అబ్బా, వదలండీ! ఇక్కడేం లేదు. రాత్రికి రాత్రే అన్నీ తీసుకుపోయారు. టేప్ బయటి మనిషి దగ్గరుందంట. 'పెద్దాయన పంపుతాడు' అనుకుంటుంటే నా చెవిన పడింది. నిన్నటి నించీ తాతగారికి మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నాను. మీకు చెప్పలేదాండీ?"

"నువ్వు అటు తిరిగిపోయావని చెప్పారు."

"నేనా?" రాగిణి తెల్లబోయింది. ఆ మొహంలో నటన కనిపించలేదు. అయినా తేజేశ్వర్ చేయి వదల్లేదు. బాబాయ్ మాట అబద్ధమైతే తనకు తెలిసిన లోకమంతా అబద్ధమే. ఆమె ఫోన్‌లో ఫ్రెంచ్ పార్లమెంటు లైవ్ నడుస్తోంది. ప్రసంగాలు అయిపోవచ్చాయి.

అప్పుడే అతని జేబులో సొంత ఫోన్ వణికింది. ఫోన్ కంపెనీ మెసేజ్. 'మీ ఫ్యామిలీ ప్లాన్‌లో ఆరో లైన్ నుంచి ఫ్రాన్స్‌కి కాల్. అదనపు ఛార్జీలు వర్తిస్తాయి.'

అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే ముందు పుట్టేది ఫ్యామిలీ ప్లాన్. అందరూ ఒకే ఫ్యామిలీ కానక్కర్లేదు, బిల్లు తగ్గితే చాలు. తేజేశ్వర్ పేరు మీదున్న ప్లాన్‌లో అతనూ, నలుగురు పాత రూమ్మేట్లూ ఉన్నారు. అమెరికాలో దిగిన కొత్తలో పద్మనాభం, "విజిటర్‌కి కొత్త కనెక్షనంటే తలనొప్పిరా, నీ దాంట్లో నన్నూ వేసెయ్. ఆ యాప్‌లవీ నువ్వే చూసుకో," అన్నాడు. మాట తీసెయ్యలేక ఆరో లైన్‌గా వేసేశాడు. విభాగం ఇచ్చిన ఫోన్‌లో ప్రతి కాల్ రికార్డవుతుంది. ఈ ఆరో లైన్ సంగతి విభాగానికి తెలియదు.

అతని చేయి రాగిణి మణికట్టు మీంచి జారిపోయింది. రేపు ఎవరైనా ఆరా తీస్తే ఆ లైన్ తేజేశ్వర్ పేరు మీదుంటుంది. దేశద్రోహి తేజేశ్వర్ అవుతాడు.

యాప్ తెరిచాడు. ఆరో లైన్‌లో డేటా పరుగెడుతోంది. ఫైల్ వెళ్తోంది.

"ఓటింగ్ మొదలవుతోందండీ!" రాగిణి గొంతు కీచుమంది.

'సస్పెండ్' నొక్కాడు. ఫోన్ మర్యాదగా అడిగింది: 'ఈ లైన్‌ని నిజంగా నిలిపివేయాలనుకుంటున్నారా?'

లేదు, అనుకోవడం లేదు. ఈ జన్మలో అనుకోలేదు. తేజేశ్వర్ కళ్ళు చెమర్చాయి. 'అవును' నొక్కాడు.

డేటా ఆగిపోయింది. పారిస్‌లో ఎవరి ఫోన్‌కీ ఏ టేపూ చేరలేదు. ప్రభుత్వం వెంట్రుకవాసిలో బయటపడిందని రాగిణి ఫోన్ చేసి అరిచేసరికి తేజేశ్వర్ కార్‌లో ఉన్నాడు.

వాకింగ్ ట్రాక్ పక్క బెంచీ మీద పద్మనాభం ఫోన్ పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అలికిడికి తల తిప్పకుండానే, అలవాటుగా ఫోన్ చాచాడు.

"సిగ్నల్ చచ్చిందిరా. ఏమైందో చూడు."

"నేనే ఆపాను బాబాయ్."

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి దించాడు. "ఆపొచ్చా దాన్ని?"

"ప్లాన్ ఎవరి పేరు మీదుంటే వాళ్ళు ఆపొచ్చు."

"నాకు తెలీదు."

"ఎందుకు చేశారు?"

"నలభై ఏళ్ళ సర్వీసుకి నాకు దక్కింది ఓ శాలువా. వాళ్ళు అంతకన్నా ఎక్కువే కప్పారు."

"అది మీకూ విభాగానికీ మధ్య సంగతి. నన్నెందుకు ఇరికించారు?"

పద్మనాభం మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "నువ్వయితే నన్ను అనుమానించవని."

తేజేశ్వర్ బెంచీ చివర కూలబడ్డాడు. కొడుకులా ప్రేమించడం తను చేసిన తప్పని తెలిసి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. విభాగం కారు వచ్చేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే చెరో చివర కూర్చున్నారు. కారెక్కేముందు పద్మనాభం దీవించబోతున్నట్టు చెయ్యి ఎత్తాడు. తేజేశ్వర్ వంగలేదు.

రెండ్రోజుల్లో సోనార్ ఒప్పందం మీద సంతకాలైపోయాయి. ఆరో లైన్ కాల్స్ పట్టుకుని వెళ్తే కేరసెల్ ముఠా మొత్తం దొరికింది. ఆ పై వారం ఫ్రాన్స్ ప్రభుత్వం పడిపోయింది. టేపుల్లేవు, ముఠాల్లేవు. బడ్జెట్ దగ్గర వాళ్ళలో వాళ్ళే కొట్టుకుని కూలిపోయారు.

ఆ వార్త చదివి వినిపిస్తూ రాగిణి కిసుక్కున నవ్వింది. తేజేశ్వర్ నవ్వలేదు.

"ఇంకో వారం ఆగుంటే వాళ్ళంతట వాళ్ళే పడిపోయేవాళ్ళు కదా బాబాయ్," అన్నాడు, పక్కన లేని మనిషితో.