ఏడో వెర్షన్

ఆరోసారి కూడా ధర్మేందర్ బాగాలేదన్నాడు.

ఇంద్రజ హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుంది. "ఏం బాలేదో చెప్పండి డైరెక్టర్ గారూ."

"ఫ్లూట్ జర తొందరపడుతున్నది."

"పోయినసారి నిద్రపోతుందన్నారు."

"అప్పుడు నిద్రవోయింది. ఇప్పుడు లేసి ఉరుకుతున్నది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది. ఆ పెదవి వైపు చూడకూడదని అతను మానిటర్ వైపు చూశాడు. అక్కడ అతని సినిమా ఆగి ఉంది. గొర్రెలను తోలుకొస్తున్న కుర్రాడు, చెంబుతో మజ్జిగ అందిస్తున్న అమ్మాయి, ఇద్దరి మధ్యా నలభై సెకన్ల చూపు. ఇరవై నిమిషాల సినిమాకు మిగతా సంగీతమంతా ఇంద్రజ ఈ కంప్యూటర్ మీదే చేసేసి నెలయింది. ఈ చూపు దగ్గరే బండి ఆగింది.

నిజానికి మూడో వెర్షన్‌కే ధర్మేందర్‌కు ఒళ్ళు జలదరించింది. 'బాగుంది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే లోపల ఎవరో గుర్తుచేశారు. బాగుందంటే పని అయిపోతుంది. తిరుమలగిరిలో బస్సెక్కి, సూర్యాపేటలో మారి, కోదాడలో ఈ మేడమీది గదికి రావడానికి ఇక సాకు ఉండదు. నోరు తెరిస్తే 'బాగలేదు' అని వినిపించింది. గొంతు తనదే. ఆ మాట అన్నదెవరో తనకే తెలియలేదు.

ఇవాళ ఆ సాకు కూడా చివరికొచ్చింది. మిర్యాలగూడలో జరిగే షార్ట్‌ఫిల్మ్ పోటీకి సినిమా పంపడానికి సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది. ఇప్పుడు నాలుగున్నర. ఓకే అనకపోతే రెండేళ్ళ కష్టం పోతుంది. ఓకే అంటే ఈ అమ్మాయి పోతుంది.

బయట వాన మొదలైంది. చప్పుడు లోపలికి రాకుండా ఇంద్రజ కిటికీ మూసి, దాని మీదికి బొంత దించింది. నాలుగు గోడలకూ బొంతలే. గదిలో ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. ధర్మేందర్‌కు తన ఊపిరి మరీ గట్టిగా వినపడుతోందనిపించి కాసేపు బిగబట్టాడు.

"ఏడోది కూడా ఉంది. వింటారా?"

"అప్పుడే చేసిన్రా?"

"వినండి ముందు."

నలభై సెకన్లూ అతను కళ్ళు మూసుకుని లోపం కోసం వెతికాడు.

"ఎలా ఉంది?"

"ఆరోదానికన్నా శానా నయం. గానీ చివర్ల జర ఉప్పు తక్కువైంది."

"ఆరోదాంట్లో?"

"అండ్ల ఎక్కువైంది."

ఇంద్రజ కుర్చీ అతని వైపు తిప్పింది. "ఆరోదీ ఏడోదీ ఒకటే ఫైలు. పేరు మార్చానంతే."

పక్కవాళ్ళ చేలో దొరికిపోయిన గొర్రెలా చూశాడు ధర్మేందర్.

"మరి... ఐదోది?"

"అదీ ఇదే."

"నాలుగోది?"

"మూడోదాని తర్వాత నేనేం చెయ్యలేదండీ. అది మీకు నచ్చింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి, నేను చూశాను."

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. లోపాలు వెతికే హడావిడిలో తను ఇన్నిసార్లూ సంగీతం విననేలేదు! నేలలోకి దూరిపోదామనుకుంటుండగా ఒక ప్రశ్న నెమ్మదిగా, ఆవులించుకుంటూ లేచింది.

"మరి మూడుసార్లు నన్నెందుకు రానిచ్చిన్రు? అప్పుడే చెప్పొచ్చు గదా?"

ఇప్పుడు మానిటర్ వైపు చూడటం ఆమె వంతయింది.

"మీరెందుకు బాలేదన్నారో, అందుకే."

అర్థమవడానికి అతనికి రెండు క్షణాలు పట్టింది. అర్థం కాగానే దిగ్గున లేచాడు. కాలికి వైరు చుట్టుకుంది. ఆసరాకని కిటికీ మీది బొంత పట్టుకుంటే, అది మేకుతో సహా ఊడొచ్చి అతని మీద పడింది. దాంతోపాటే వాన చప్పుడంతా గదిలోకి వచ్చేసింది.

బొంత కింద నుంచి కేక వినిపించింది. "మూడోది ఓకే!"

"ఏంటీ?"

"ఓకే అంటున్న! జల్ది పంపు, ఐదైతది!"

"పంపు అన్నావా?"

"తప్పైంది. పంపుండ్రి."

"పంపు అంటేనే బాగుంది," అంది ఇంద్రజ, కీబోర్డు మీదికి వంగుతూ.

నాలుగు యాభై ఎనిమిదికి సినిమా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బ్యాగూ లేదు, హార్డ్‌డిస్కూ లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ధర్మేందర్ గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తీసింది ఇంద్రజ తల్లి రంగనాయకమ్మ.

"సినిమా పంపేశారంట కదా బాబూ. ఇంకేం పని?"

దారి పొడవునా మూడు మంచి అబద్ధాలు తయారు చేసుకున్నాడు. పోస్టర్ గురించి ఒకటి, సౌండ్ గురించి రెండు. మూడూ ఎక్కడికో పోయాయి.

"పనేం లేదమ్మా. ఇంద్రజను సూద్దామని వచ్చిన."

రంగనాయకమ్మ అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా చూసింది. మేడమీద ఎవరో పరుగెత్తుకొచ్చి, మెట్ల దగ్గర ఆగిన చప్పుడు.

"మీ ఇంట్లో తెలుసా?"

"రాత్రే చెప్పిన."

"ఏమన్నారు?"

"ముందు మీరేమంటరో అడిగి రమ్మన్నరు."

ఆమె నవ్వలేదు. కానీ గుమ్మానికి అడ్డంగా ఉన్న చెయ్యి తీసింది.

"చెప్పులు అక్కడ విడిచి లోపలికి రా. ముందు తిను, తర్వాత చూద్దువుగాని."