పొడి వేయని దాణా

శుక్రవారం పొద్దున ఇంట్లో దేవుడికి దీపం పెట్టి పద్మశ్రీ నాచారంలోని తమ దాణా మిల్లుకు వచ్చింది. మొక్కజొన్న ప్రియమైందని ఆ నెల కోళ్ల దాణాలో గోధుమలు ఎక్కువ పోస్తున్నారు. గోధుమ కోడి కడుపులో జిగురవుతుంది. అది అరగాలంటే ఎంజైమ్ పొడి కలపాలి. ఆ పని పద్మశ్రీది.

ఉప్పల్ అవతల తమ్ముడు తిరుపతి షెడ్డుకు వెళ్లే దాణాలో మాత్రం ఆమె పొడి వేయలేదు. తన కూతురి పెళ్లిలో వాడు భోజనాల బంతి మధ్యలోంచి ఆమె భర్త మహిపాల్‌ను లేపి, "దాణా కంపు గొడుతున్నవ్ బావా, గా చివరకు కూసో" అన్నాడు. మహిపాల్ తినకుండానే వచ్చేశాడు.

"తిరుపతి ఫోన్ జేసిండు. కోళ్లు పల్చగ ఏరుగుతున్నయట, కింద పరిచిన ఊకంత తడిసి ఒకటే కంపట" అన్నాడు మహిపాల్.

"కంపు గొట్టనీ! గదేందో వానికీ ఎరుకైతది."

"పొడి ఏసినవా?"

"దీపం బెట్టొచ్చిన. అబద్ధమాడ. ఎయ్యలే."

మహిపాల్ పొడి సంచి తీసుకుని స్కూటరెక్కాడు. "నేనూ వస్త. వాని మొకం జూడాలె" అంటూ ఆమె వెనక కూర్చుంది.

షెడ్డు గుమ్మంలోనే ఘాటు కళ్లను మండించింది. లోపల ముక్కుకు కొంగు చుట్టుకుని తడి ఊక తిరగేస్తున్నది తిరుపతి కాదు, తల్లి సత్తమ్మ. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అమ్మా! నువ్వెందుకే?"

"కంపుకు కూలోళ్లు పారిపోయిన్రు బిడ్డా. తమ్ముడు కొత్త ఊకకు పోయిండు. దాణా మారుస్తనంటే నేనే వద్దన్న. నా బిడ్డ కలిపిన దాణాల తప్పెందుకుంటది? నీళ్లే బాగలెవ్వు గావచ్చు."

పద్మశ్రీకి దుఃఖం పొంగుకొచ్చింది. పొద్దున దీపం వెలిగించిన ఈ చేతులను దేవుడు ఎట్లా చూస్తూ ఊరుకున్నాడో!

"కండ్లు మండుతున్నయా? బయటికి పో బిడ్డా" అంది సత్తమ్మ.

పద్మశ్రీ పోలేదు. తల్లి చేతిలోని పార లాక్కుని ఊక తిరగేసింది. తిరుపతి రాగానే, "తమ్మీ, పొడి నేనే ఎయ్యలే. బావను లేపినవని కసి" అంది.

తిరుపతి మొహం ఎర్రబడింది. "అక్కా, నోరులేని కోళ్లేం జేసినయే?" అని అరిచాడు. తర్వాత తల్లి కళ్లు చూసి తల దించుకున్నాడు. బావ భుజం మీంచి పొడి సంచి అందుకున్నాడు.

"బావా, కాళ్లు కడుక్కో. నా పక్కకు కూసోని తిను."

మహిపాల్ నవ్వాడు. "కంపు గొడుతనేమో?"

ఆ పూట అన్నం ముందు కూర్చున్న నలుగురి బట్టల్లోనూ అదే కంపు.