రేవుకాడి ఐసుగది

టేకులపల్లి అవతల అడివిల ప్రాజెక్టు ఉంది సూడుర్రి, దాని పడవల రేవుకాడ ఓ ఐసుగది. పొద్దుగూకితే అటు దిక్కు కుక్క గూడ పోదు. ఐసు మోసే పగిడయ్య అందులనే పానం ఇడిసిండట... రాత్రిపూట ఎవలన్న తలుపు తీస్తే, చల్లటి చెయ్యి వచ్చి పట్టుకుంటదట! రేవు వాచ్‌మన్ వీరబాబు చెప్తడు. చాయ్ కొట్టు చిన్నక్కయితే ఒట్టేసి మరీ చెప్తది.

రెండువేల ఐదు, మే నెల. రాళ్లు పగిలే ఎండలు, పైన కరెంటు కోత. ఆ రోజు చేపలు పట్టే రూప్లా పడవ ఇంజను నడినీళ్లల మొరాయించింది. తెడ్డేసుకుంట రేవుకు వచ్చేసరికి రాత్రి పదకొండు. పడవ నిండ బొచ్చెలు, రవ్వలు — ఆ యేడు అంత చేప ఎన్నడు పడలే. తెల్లారి లారీ వస్తది. మొప్పలు తెల్లబడితే లారీవాడు ముట్టడు. ఐసు కావాలె... ఐసేమో ఆ గదిల!

"తండ్రీ పగిడయ్యా, రెండు గడ్డలే తీసుకుంట. నువ్వు నన్ను జూడకు, నేను నిన్ను జూడ," అని గొణుక్కుంట తలుపు నెట్టిండు.

తాళం లేదు!

లోపల చిమ్మచీకటి. ఐసు కరగకుంట కప్పిన ఊక మోకాలెత్తు. వంగి రెండు చేతుల్తోటి తోడిండు. ఏందో తగిలింది... చల్లగ, మెత్తగ. ఐసు మెత్తగుంటదా?

అది — మణికట్టు పట్టుకుంది.

రూప్లా చెయ్యి గుంజిండు, అది ఇడువలే. ఊకల నుంచి ఒక ఆకారం లేచింది... ఒళ్లంత పొట్టు, జుట్టంత పొట్టు...

"తలుపెయ్ రా సచ్చినోడా! చల్లదనమంత బయటికి పోతంది!"

చిన్నక్క గొంతు!

అగ్గిపుల్ల గీసిండు. గోడ పొడుగూత, గంపల సర్దిన చేపల లెక్క ఏడుగురు. బొంతలు కప్పుకొని, మెడదాక ఊకల. అందరికంటె గట్టిగ గురక పెడుతున్నోడు వాచ్‌మన్ వీరబాబు.

"మరి... పగిడయ్య?"

"పగిడయ్య లేడు, పాడు లేడు. ఊరంతకు తెలిస్తే ఇంత గదిల పడతరా? మెల్లగ మాట్లాడు."

"నా చేపలు, అక్కా..."

"ఐసు మోస్కపో. గని పొద్దున నా కొట్టుకాడ నిలబడి, పగిడయ్యను కండ్లార జూసిన్నని చెప్పాలె. అట్లయితేనే!"

చేపలు ఎర్రటి మొప్పలతోనే లారీ ఎక్కినయ్. రూప్లా మాట తప్పలే — పగిడయ్య పండ్లు ఎన్నో గూడ లెక్కజెప్పిండు. చిన్నక్కకే భయమైంది!

ఆ సాయంత్రం పెండ్లాం చాంది వాకిట్ల అడ్డం నిలబడ్డది.

"దెయ్యం పట్టుకున్నదంటివి. మల్ల రేవుకేనా?"

"పడవ కాడ కావలుండొద్దా?"

"ఉండు, వద్దన్ననా? గీ ఎండలల్ల సంకల గా బొంత ఏందయ్యా?"