జీతం లేని దయ్యం

"మీరు దయ్యాలను పట్టుకుంటారా?" కుర్చీ చూపించినా కూర్చోకుండా అడిగింది వచ్చినామె.

"మనుషులనే పట్టుకుంటాను. దయ్యాల పనులు చేసేది వాళ్ళే కదా," అన్నాడు భూతద్దం.

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్న తప్పును పెద్దది చేసి చూస్తాడని ఎవరో భూతద్దం అన్నారు, అదే ఉండిపోయింది. ఆయన జన్మలో భూతద్దం కొన్నది లేదు. ఆ సంగతి టైపిస్టమ్మ ఒక్కదానికే తెలుసు. పద్నాలుగేళ్ళుగా ఆయన కేసులన్నీ టైపు కొడుతోంది. ఆయన తుమ్మినా అందులో ఏదో అర్థం ఉంటుందని ఆవిడ నమ్మకం.

వచ్చినామె చేతుల వైపు చూసింది టైపిస్టమ్మ. సోడాకు పగిలిన వేళ్ళు, గోళ్ళ సందుల్లో నీలం. పెద్ద రోడ్డు మీది పాత రాతి లాడ్జీకి దుప్పట్లు ఉతుకుతుందట.

"మా అక్క అక్కడ పక్కలు వేసేది సార్. ముప్ఫై ఏళ్ళ కిందట నాలుగో నంబరు గదిలో ఒకాయన ఉంగరం పోయింది. గడియ పెట్టుకుని పడుకునేటప్పుడు బల్లమీదే ఉందని ఆయనే చెప్పాడు. అయినా గదిలోకి చివరగా వచ్చింది అక్కేనని దొంగను చేశారు. ఆ సాయంత్రం ఏటివైపు వెళ్ళింది. మూడోనాడు దొరికింది. నాకప్పుడు పదేళ్ళు."

"ఇప్పుడేమైంది?"

"అక్క దయ్యమై తిరుగుతోందంటున్నారు. ఆ గదిలో రెండు మంచాలు. రెండో మంచం పక్క చెరిపేసి, గడియ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పక్క వేసి ఉంటుందట. అది చూడ్డానికి జనం విరగబడి వస్తున్నారు. ఇన్నాళ్ళూ 'దయ్యం గది' అని చిన్న బోర్డు. ఎల్లుండి పెద్దది పెడతారట, 'దొంగ పనిమనిషి దయ్యం' అని. బతికున్నన్నాళ్ళూ జీతమైనా ఇచ్చారు. చచ్చాక ఊరికే చాకిరీ చేయించుకుంటున్నారు సార్. ఆ బోర్డు లేవకూడదు."

టైపిస్టమ్మ ఆ చివరి మాట కింద గీత కొట్టింది.

"మీ అక్క పక్క ఎలా వేసేది?" అన్నాడు భూతద్దం.

"ముడత కనబడితే ఒట్టు. దుప్పటికి ఒక మూల ఎర్రదారంతో గుర్తు కుడతాం. ఆ ముడి గరుకు, చెంపకు గీసుకుంటుంది. అందుకని ఆ మూల కాళ్ళవైపే రావాలి. మా అమ్మ ఇద్దరికీ కొట్టి మరీ నేర్పింది."

"నీలిమందు ఒక పొట్లం ఇస్తావా? బాగా పట్టేది."

ఎందుకని ఆమె అడగలేదు. టైపిస్టమ్మకు అడగాలని నాలుక దురద పెట్టింది, ఊరుకుంది.

లాడ్జీ యజమాని యాభై దాటిన మనిషి. మాట వెన్న, చేతులు అంతకన్నా మెత్తన.

"భూతాన్ని చూడ్డానికి భూతద్దమే వచ్చిందన్నమాట," అని నవ్వి, నాలుగో నంబరు తాళం తానే తీశాడు. మెట్లు మూలిగాయి, తలుపు కీచుమంది, కిటికీ ఏడ్చింది. ముందు రాత్రి దయ్యం వేసిన పక్క అలాగే ఉంచారు, వచ్చినవాళ్ళకు చూపించడానికి. దిండు పక్కనే ఎర్రదారం ముడి. అది టైపిస్టమ్మ కాగితం మీద రాసుకుంది.

భూతద్దం గోడలోని చెక్క అలమర తెరిచాడు. చప్పుడు లేదు.

"ఈ ఇంట్లో నోరెత్తని తలుపు ఇదొక్కటే."

"పాతకాలం పనితనం సార్."

"ఈ గది ఎవరు సర్దుతారు?"

"నేనే. పనివాళ్ళకు భయం."

"దుప్పట్లు కూడా మీరే ఉతుకుతారా?"

"ఉతకడమా? మా ఇంటా వంటా లేదు," అన్నాడు యజమాని, అదేదో బిరుదైనట్టు.

ఆయన వెళ్ళాక భూతద్దం రెండో మంచం పక్క చెరిపి, పరుపు కింద అంచుల పొడుగునా చెయ్యి పోనిచ్చాడు. దీపం వెలుగులో ఏమీ కనబడలేదు.

"మీరిక్కడ పడుకోండి. నేను ఎదురు గదిలో ఉంటాను."

"నేనా సార్?"

"నిద్రపోవడమే మీ పని. గురక పెడితే మరీ మంచిది."

"నేను గురక పెట్టను."

"పద్నాలుగేళ్ళుగా మధ్యాహ్నాలు వింటున్నానమ్మా."

రాత్రంతా మేలుకునే ఉండాలని ఒట్టు పెట్టుకుంది టైపిస్టమ్మ. పైకప్పు దూలాలు పదకొండు లెక్కపెట్టింది. పన్నెండోది తెల్లారాక కనబడింది. గడియ పెట్టినట్టే ఉంది. రెండో మంచం మీద పక్క వేసి ఉంది. ఎర్రదారం మళ్ళీ దిండు దగ్గరే.

ఫలహారాల గదిలో అందరినీ కూర్చోబెట్టాడు భూతద్దం. లాడ్జీలో మొదటినుంచీ ఉన్న ముసలి గుమస్తా వచ్చాడు, ఉతికే ఆమె వచ్చింది. యజమాని ఆఖర్న వచ్చాడు, శాలువా కప్పుకుని.

"దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయంటారు. ఈ దయ్యానికి దుప్పటి వెనక్కి ఉంది," అన్నాడు భూతద్దం. "గుర్తు తలవైపు పెట్టింది. పక్కలు వేసి బతికిన మనిషి చచ్చినా ఆ తప్పు చెయ్యదు. అంటే, ఎన్నడూ ఎవరికీ పక్క వెయ్యని మనిషి చేసిన పని. అలమర వెనక చెక్క పక్కకు జరుగుతుంది, అవతలి గదిలోంచి దారి. గురక వినబడితే చాలు, దయ్యానికి ధైర్యం వస్తుంది. దుప్పటి అంచు పరుపు కిందికి దోపాలి కదా. అక్కడ రాత్రి నీలిమందు చల్లాను. చేతులు చూపించండి."

గుమస్తా చాపాడు. శుభ్రం.

"చలిగా ఉంది," అన్నాడు యజమాని.

చివరికి శాలువాలోంచి చేతులు బయటికొచ్చాయి. మణికట్ల దాకా నీలం.

ఉతికే ఆమె నవ్వింది. "పొడిని పొడిగానే దులుపుకోవాలి అయ్యగారూ. నీళ్ళు తగిలితే పాకుతుంది. జన్మలో ఒక్క గుడ్డ ఉతికుంటే తెలిసేది."

"ఇక ఉంగరం," అన్నాడు భూతద్దం. "గడియ పెట్టాక పోయిందంటే దొంగ తలుపులోంచి రాలేదు. అలమర అవతలి గదిలో అప్పుడు ఎవరు పడుకునేవారు?"

జవాబు గుమస్తా చెప్పాడు, ముప్ఫై ఏళ్ళు మింగిన మాట కక్కినట్టు: "చిన్నయ్యగారు."

"తిరిగి పెట్టేద్దామనుకున్నాను," అన్నాడు ఒకప్పటి చిన్నయ్యగారు. "లేచేసరికి నాన్న ఆమెను పిలిపించి నిలబెట్టేశాడు. నోరు రాలేదు."

"అప్పుడు రాలేదు సరే. ఆ తరవాత?" అంది ఉతికే ఆమె.

యజమాని నీలం చేతులు మళ్ళీ శాలువాలోకి లాక్కున్నాడు.

"ఏం కావాలో చెప్పు, ఇస్తాను," అన్నాడతను.

"పాత బోర్డు నువ్వే దింపు."

ఆ గడపలో ఆమె నోట 'నువ్వు' రావడం అదే మొదలు. యజమాని స్టూలెక్కి దింపాడు. మేకు ఖాళీగా ఉండకూడదంది ఆమె. టైపిస్టమ్మ గుమస్తా బల్లమీది టైపు మిషను ముందుకు లాక్కుంది. ఉంగరం తీసింది నేను, ఆమె కాదు, అని రెండు వాక్యాలు. యజమాని సంతకం పక్కన నీలం బొటనవేలి ముద్ర దానంతటదే పడింది. గుమస్తా ఆ కాగితాన్ని అదే మేకుకు గుచ్చాడు.

ఉతికే ఆమె మేడ మీదికి వెళ్ళింది. నాలుగో నంబరు గదిలో రెండో మంచం దుప్పటి లాగి, దులిపి, మడిచి చంకన పెట్టుకుంది. పరుపు బోసిగా మిగిలింది.

"ఇంకోటి వెయ్యవా?" అంది గుమ్మంలో నిలబడ్డ టైపిస్టమ్మ.

"ఎందుకమ్మా," అంది ఆమె, మెట్లు దిగుతూ. "అక్కకు ఇవాళ్టినుంచి సెలవు."