తొమ్మిది గీతల బండ

రేకు పెట్టెలో దొరికిన పటాన్ని చక్రపాణి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టాడు. పటంలో ఒక వంకర గీత, అది వెదురేరు. దాని ఒడ్డున ఒక బండ, బండ మీద ఆరు నిలువు గీతలు. బండకు పైన ఒక నల్లటి చుక్క.

"మా తాత చేత్తో గీసింది. అక్కడికి ఆయన్ని తీసుకెళ్ళే తెప్పలవాడే దొరకలేదట. మీ తాత ఎత్తుకుపోయిన బంగారం ఇక్కడుంది సోమిరెడ్డీ. ఏరు తెలిసినవాడివి, నువ్వూ రావాలి," అన్నాడు.

సోమిరెడ్డి పటం వంక ఒక్క చూపు చూసి వదిలేశాడు. పుట్టి నలభై తొమ్మిదేళ్ళు, ఈ మాట విననిది ఎప్పుడు గనక! తెల్లదొరల కాలంలో చక్రపాణి తాత కలప కాంట్రాక్టరు. కొండ మీద కొట్టిన టేకుదుంగల్ని తెప్పలు కట్టించి, వానాకాలపు వరదలో ఏటికి వదిలించేవాడు. ఆ తెప్పలు నడిపిన కొండరెడ్లలో సోమిరెడ్డి తాత మల్లిరెడ్డి ఒకడు. ఒకనాడు కాంట్రాక్టరు గుడారంలోంచి ఇనప్పెట్టె మాయమైంది. పెట్టె నిండా బంగారమని కాంట్రాక్టరు కోర్టులో ప్రమాణం చేశాడు. ఎముకలు విరిగేలా కొట్టినా మల్లిరెడ్డి నోరు విప్పలేదు, జైల్లోనే పోయాడు. అప్పటినుంచి ఊళ్ళో సోమిరెడ్డి వాళ్ళది దొంగోళ్ళ ఇల్లు. నాన్నమ్మ మాత్రం గంజి తాగుతూ తాగుతూ ఒక్కటే మాట అనేది: "ఆ ఏడు వానాకాలం ఏట్లో ఒక్కడూ సావనేదురా." అది బంగారానికి జవాబెలా అవుతుందో సోమిరెడ్డికి ఎన్నడూ అర్థం కాలేదు.

"వత్తాను. పెట్టి నా కళ్ళ ముందే తెరవాలి. అంతే," అన్నాడు.

తాత దొంగో కాదో చూసి చావాలి. అతనికి కావలసింది అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే అడవి తనిఖీ నాకా దగ్గర గార్డు, జీపు మీద ఎగువకు పోతున్న వాళ్ళ రబ్బరు పడవను ఆపనైనా ఆపలేదు. ఏరు రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టినప్పటినుంచి సోమిరెడ్డి అందులో గాలం వేయకూడదు, ఒడ్డున వెదురు నరకకూడదు. పోయినేడు ఒక్క కొర్రమీను పట్టాడని తెప్పను లాక్కుని, నాకా వెనకాల పొయ్యిలోకి వాడేశారు. చక్రపాణి రిసార్టుకు మాత్రం పడవ విహారానికి అనుమతి ఉంది. అతని పడవల మీదా, రిసార్టు గేటు మీదా, తొడుక్కున్న పసుప్పచ్చ చొక్కా మీదా ఒకటే గుర్తు, శంఖం. తాతల నాటి వ్యాపారపు గుర్తట. నరికినవాడి మనవడికి అడవి చూపించే హక్కు, మోసినవాడి మనవడికి జరిమానా! బాగానే ఉంది న్యాయం.

పడవలో మూడోవాడు చక్రపాణి మేనల్లుడు నిఖిల్. సోమిరెడ్డి తెచ్చుకున్న, పడవ తోసే ఏగిస కర్ర గెడను చూసి నవ్వాడు. "తాతా, ప్లాస్టిక్ తెడ్లున్నాయి కదా, ఈ దుంగెందుకు?"

"నాకు తాత పేరు ఒకటి సాల్లే బాబూ," అన్నాడు సోమిరెడ్డి.

వెదురేరు ఎగువన పిల్లకాలువలా పుట్టి, రెండు కొండల మధ్య ఇరుక్కునేసరికి పులిలా మారుతుంది. ఏడు చోట్ల కిందికి దూకుతుంది. మొదటి మూడు దూకుళ్ళూ ఆటలా గడిచాయి. నాలుగోదాన్లో నీళ్ళు పడవను గిరగిరా తిప్పి బండకేసి విసిరాయి. సోమిరెడ్డి గెడను బండకు ఆనించి, రొమ్మంతా దాని మీద వాల్చి తోశాడు. పడవ చేపలా జారి మడుగులో పడింది. నిఖిల్ తన ప్లాస్టిక్ తెడ్డును పడవ అడుగున పెట్టేశాడు.

అయిదో దూకుడుకు ఎగువన, ఒడ్డు మీద ఏనుగంత నల్లబండ. చక్రపాణి దూకినంత పని చేసి దిగాడు. పటంలో గీతలు లెక్కపెట్టుకుని, "ఆరు గీతలు, అంటే ఆరడుగులు. తవ్వు నిఖిల్!" అన్నాడు. బండ మీద గీతలు తొమ్మిదున్న సంగతి ఆశలో అతనికి ఆనలేదు. రక్షిత ఏటి ఒడ్డున గునపం దిగింది. కొర్రమీనుకు తెప్ప కాల్చినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో!

గోతిలో నడుములోతు నీరు ఊరేదాకా సోమిరెడ్డి చూస్తూ కూర్చున్నాడు. ఇక ఓర్చుకోలేక లేచాడు.

"అవి అడుగులు కావయ్యా, మనుసులు. మీ తాత దుంగలు నడుపుతా ఈ దూకుట్లో పోయినోళ్ళు మొదటి ఆరుగురు. ఇదిగో, ఈ తొమ్మిదో గీత మా అన్న. నేనే సెక్కాను."

చక్రపాణి గునపం కేసి చూసుకున్నాడు.

ఏట్లో పోయినవాడి శరీరం దొరికినా దొరక్కపోయినా వాడి గెడను కాల్చరు. బండకు పైన, కొండవాలులో ఉన్న గుహలో పెట్టి, లోపలికి చూడకుండా వెనక్కి వచ్చేయాలి. అది తెప్పలవాళ్ళ కట్టడి. సోమిరెడ్డి కూడా అన్న గెడను గుహ మూతిలో ఆనించి, కళ్ళు మూసుకునే తిరిగి వచ్చాడు. పటంలో నల్లటి చుక్క ఆ గుహే. ఎవడూ లోపలికి చూడని చోటు! మల్లిరెడ్డి పెట్టె దాచడానికి అంతకంటే మంచి చోటేముంది? ఈ ఆలోచన అతనికి ఏళ్ళ తరబడి నిద్ర పట్టనివ్వలేదు. ఇవాళ కట్టడి తెంచడానికే వచ్చాడు.

ఎక్కబోతూ నీటికేసి చూశాడు. నురగ చిక్కబడింది. నీటి మీద ఎండుటాకులు గుంపులుగా వస్తున్నాయి. పైన ఎక్కడో వాన దంచుతోంది. "బేగి ఎక్కండి. అరగంటలో ఏరు మనది కాదు," అన్నాడు.

చెట్ల వేళ్ళు పట్టుకుని, గబ్బిలాల కంపు మధ్య పాకుతూ ముగ్గురూ గుహలోకి చేరారు. టార్చి వెలుగులో గోడకు ఆనించిన గెడలు, కొన్ని పుచ్చి సగానికి విరిగినవి. అన్న గెడను తాకకుండా సోమిరెడ్డి పక్కకు ఒదిగి నడిచాడు. గుహ కొసన, రాళ్ళ కింద, తుప్పు పట్టిన పెట్టె!

చక్రపాణి నిఖిల్ చేతిలోంచి గునపం లాక్కున్నాడు. గునపం రెండు పెట్లకు తాళం పొడి అయింది. మూత లేచింది.

లోపల బంగారం లేదు. నూనెగుడ్డలో చుట్టిన ఒక ఇనపసుత్తి. అంతే.

"మీ తాత మార్చేశాడు! బంగారం తినేసి ఈ ఇనుము పడేశాడు! దొంగ జాతి!" చక్రపాణి గొంతు గుహంతా మోగింది.

సోమిరెడ్డి సుత్తిని ఎత్తి దాని మొహాన్ని టార్చికి చూపించాడు. ఇనుములో తిరగేసి చెక్కిన శంఖం. వెంట తెచ్చుకున్న తన గెడ మొదలును రాతి మీద ఆనించి, బలంకొద్దీ సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. గట్టి ఏగిస కర్ర మీద శంఖం లోతుగా దిగింది. అచ్చంగా చక్రపాణి చొక్కా మీది శంఖమే.

అప్పుడు నాన్నమ్మ మాట అర్థమైంది. ఇది దుంగల మీద కాంట్రాక్టరు ముద్ర కొట్టే సుత్తి. ఈ ముద్ర లేని దుంగను ఆ రోజుల్లో దిగువ నాకా దాటనిచ్చేవాళ్ళు కాదు. ఆరోవాడు పోయాక మల్లిరెడ్డి ఇనప్పెట్టెను ఎత్తుకొచ్చేశాడు. కొత్త సుత్తికి సర్కారు అనుమతి వచ్చేదాకా, ఆ వానాకాలమంతా దుంగలు ఒడ్డునే పడున్నాయి, తెప్పలవాళ్ళు బతికారు. సుత్తి పోయిందంటే కోర్టు నవ్విపోతుందని, కాంట్రాక్టరు బంగారమన్నాడు.

"మా తాత దొంగే, బాబూ," అన్నాడు సోమిరెడ్డి. "మీ తాత అబద్ధాలకోరు."

చక్రపాణి సుత్తిని లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. కళ్ళలో కొత్త వెలుగు. "రిసార్టులో అద్దాల పెట్టెలో పెడతాను. ఈ గెడలు కూడా. గుహకు మెట్లు కట్టిస్తే జనం ఎగబడతారు. మీ తాత బొమ్మ కూడా వేయిస్తానోయ్!"

సోమిరెడ్డి అతని గొంతు పట్టుకునేవాడే. కొండ అడుగున ఉరుము దొర్లినట్టు చప్పుడయింది. వరద!

జారుతూ దొర్లుతూ దిగారు. వచ్చినప్పుడు నిఖిల్ పడవను వంగిన వేరుకు పొట్టితాడుతో కట్టాడు. నీరు పెరిగేసరికి తాడు బిగిసి, పడవ ముక్కు మునుగుతోంది. సోమిరెడ్డి కత్తితో తాడు తెంచాడు. ముగ్గురూ పడ్డట్టే పడవలో పడ్డారు. అయిదో దూకుడు నోరు తెరిచి మింగింది. పడవ నిలువునా లేచి పడింది. చక్రపాణి లేడు!

పది బారల దూరంలో పసుప్పచ్చ చొక్కా తేలింది, మునిగింది. ఒక చేత్తో ఈదుతున్నాడు. రెండో చేతిలో సుత్తి ఉంది.

సోమిరెడ్డి గెడ చాచాడు. చక్రపాణి వేళ్ళు కర్రను అందుకుని జారిపోయాయి.

ఆ సుత్తి ఒక్కటే సాక్ష్యం. అది మునిగితే తాత మళ్ళీ బంగారం దొంగే. మనిషి మునిగితే పదో గీత. ఆ బండ మీద ఇంకొక గీత చెక్కే ఓపిక సోమిరెడ్డికి లేదు.

"సుత్తి ఒగ్గేయ్!" గుండెలు చీలేలా అరిచాడు. "రెండు సేతులా పట్టు!"

చక్రపాణి సుత్తి వదిలేశాడు.

సాయంత్రం నాకా దగ్గర గార్డు తడిసి ముద్దయిన ముగ్గురినీ చూశాడు. చక్రపాణికి దుప్పటి కప్పి, టీ ఇచ్చాడు. సోమిరెడ్డిని మాత్రం అనుమతి కాగితం అడిగాడు. తర్వాత గెడ మొదలు మీద అతని చూపు ఆగింది.

"ఇదేంట్రా, చక్రపాణిగారి శంఖం నీ కర్ర మీద? ఎక్కడ కొట్టేశావ్?"

సోమిరెడ్డి చక్రపాణి వంక చూశాడు. చక్రపాణి టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"అతను కొట్టెయ్యలేదు," అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే. "వాళ్ళ తాత కొట్టేశాడు. మావాళ్ళు చెప్పే బంగారం అదే."

సోమిరెడ్డి గెడను భుజాన వేసుకున్నాడు. శంఖం అందరికీ కనపడేలా మొదలును వెనక్కి పెట్టి, ఊరి నడివీధిలోంచి ఇంటికి నడిచాడు.