చలికాలం బండి

ఏప్రిల్ వచ్చినా పెరట్లో మంచు పూర్తిగా కరగలేదు. ఆర్విడ్ దీపం వేసుకోకుండా తన గది కిటికీ పక్కన కూర్చుని, వంటింటి వెనక మెట్ల మీద రస్ పడుతున్న అవస్థ చూస్తున్నాడు.

రస్ ఆరడుగుల మనిషి. ఆ చలిలో మేజోళ్ళతో బయటికి వచ్చి, ఒంటికాలి మీద గెంతుతూ బూటు తొడుక్కుంటున్నాడు. ఇంట్లో తొడుక్కుంటే చప్పుడవుతుందని అతని భయం. తర్వాత తన ట్రక్కు స్టార్ట్ చేయకుండా, బ్రేకు వదిలి వాలు మీదుగా రోడ్డు దాకా జారనిచ్చి, అక్కడ ఇంజను వేశాడు. ఎవరి నిద్ర చెడకూడదని ఇంత జాగ్రత్త పడుతున్నాడో ఆ మనిషి అప్పటికే లేచి కూర్చుని ఉన్నాడు.

మంచివాడు, అనుకున్నాడు ఆర్విడ్. చెడ్డవాడైతే అతన్ని చూసి కోపగించుకునే సుఖమైనా దక్కేది.

ఈ ఇల్లు ఆర్విడ్ కొడుకు టాడ్‌ది, కోడలు కొరీన్‌ది. భార్య మార్నా పోయాక కొడుకు పట్టుబట్టి తీసుకొచ్చాడు. తర్వాత ఆ కొడుకే ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళుగా ఇంట్లో మిగిలింది మామా కోడలూ ఇద్దరే. కిందటి శరత్కాలం నుంచి కొరీన్ జీవితంలోకి రస్ వచ్చాడు.

ట్రక్కు చప్పుడు దూరమయ్యాక ఆర్విడ్ కుళాయి గట్టిగా తిప్పి, అప్పుడే లేచినట్టు రెండుసార్లు దగ్గాడు. అతను కాఫీ పెడుతుండగా కొరీన్ జుట్టు ముడి వేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"బాగా నిద్ర పట్టిందా మామయ్యా?"

"మొద్దులా పడుకున్నాను. నువ్వో?"

"నేనూ అంతే."

రెండు అబద్ధాలూ వెన్న గిన్నెకు అటొకటి ఇటొకటి కూర్చున్నాయి.

"ఇవాళ మళ్ళీ బండికి పెళ్ళిచూపులా?" అంది కొరీన్. "ఇది నాలుగో సంబంధం. ఒకదానికి నేల మెత్తగా ఉందన్నారు, ఇంకోదానికి ముక్కిన వాసన అన్నారు, మూడోదానికి కప్పు నిండా అతుకులన్నారు. అత్తయ్యను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టారా?"

"మీ అత్తయ్యే నాకు పెట్టింది. ఇప్పటికీ కొన్ని మిగిలున్నాయి."

"వేసవిలో నాలుగు వారాలు తిరిగి రావడానికి ఏదైతేనేం మామయ్యా? సరే, నాకు షాపు సెలవే. ఈసారి నేనూ వస్తాను. మీకు తోడు ఎవరైనా ఉంటే అమ్మేవాడు కాస్త భయపడతాడు."

ఆర్విడ్ రొట్టెకు వెన్న రాస్తూ ఉండిపోయాడు. నాలుగు వారాలని అతను ఎన్నడూ అనలేదు. కొరీనే అనుకుంది, అతను కాదనలేదు. వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఆ ఇంటి బండిలో ఒంటరిగా, ఏడాది పొడుగునా, ఓపిక ఉన్నంతకాలం బతకాలన్నది అతని ఆలోచన. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియక మొత్తం చలికాలం గడిపేశాడు.

* * *

అమ్మే ఆయన పేరు మెల్విన్. పొలం పక్క షెడ్డులోంచి కర్ర ఊతంగా పట్టుకుని వచ్చాడు.

"మా ఆవిడ బండి మెట్టెక్కలేదు, నేను ఎక్కితే దిగలేను. అందుకని అమ్మేస్తున్నాం" అన్నాడు. "చూసుకోండి. దాచేదేమీ లేదు. దాచే చోటు కూడా లేదు."

బండి చిన్నది, తెల్లగా, బోర్లించిన పడవలా ఉంది. ఆర్విడ్ చుట్టూ ఒకసారి తిరిగాడు. మామూలు ట్రెయిలర్లు చెక్క చట్రానికి రేకు తొడిగి చేస్తారు. ఏ మూలో చుక్క నీరు దిగితే, పైకి నిగనిగలాడుతూనే కొన్నేళ్ళకు గోడంతా తడిసిన రొట్టెలా అయిపోతుంది. అలాంటి బండితో వేసవి సెలవులు గడపొచ్చు. బతుకు గడపలేం. ఇది అలాంటిది కాదు. రెండు ఫైబర్ చిప్పలు ఒకదాని మీదొకటి బోర్లించి నడుం దగ్గర కలిపారు. కప్పుకు అతుకు లేదు.

అతను టార్చి వేసి మూలమూలా చూశాడు. గోడలు బొటనవేలితో నొక్కాడు. మంచం కింద తల పెట్టి వాసన పీల్చాడు. ట్యాంకులో నీళ్ళు పోయించి కుళాయిలు తిప్పి, కింద ఎక్కడైనా కారుతుందేమోనని ఎదురుచూశాడు. చివరికి లోపల నిలబడి నేల మీద గెంతాడు.

"అమ్మాయ్, ఆయనకు ఎన్నేళ్ళు?" అని మెల్విన్ కొరీన్‌ను అడిగాడు.

"డెబ్బై ఒకటి. బండి దొరికితే ఏడు."

ఆమె నవ్వుతూనే వంగి బండి కిందికి చూసింది. మామూలుగా అక్కడ పైపులూ ట్యాంకులూ వేలాడుతూ కనిపిస్తాయి. ఇక్కడ అడుగంతా పలకతో మూసేసి ఉంది.

"ఇదేంటి మెల్విన్ గారూ?"

"అదే దీని గొప్పతనం. లోపలి హీటర్ గాలి ఆ పలక వెనక తిరుగుతుంది. ట్యాంకులు గడ్డకట్టవు. కిటికీలకు రెండేసి అద్దాలు. మైనస్ ముప్ఫైలో కూడా కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. మీ మామగారు ఫోన్లో మొట్టమొదట అడిగింది అదే."

కొరీన్ నవ్వు ఆగిపోయింది. ఆమె పనిచేసేది హార్డ్‌వేర్ షాపులో. ప్రతి జనవరిలోనూ పైపులు పగిలినవాళ్ళకు, వాటికి చుట్టే కరెంటు వేడి తీగలు అమ్మే మనిషి. చలికి తట్టుకునే ట్యాంకులు ఎవరికి కావాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. వేసవిలో తిరిగి అక్టోబరుకు ఇంటికి చేరేవాళ్ళకు అవి అవసరం లేదు.

ఆమె లోపలికి ఎక్కి తలుపు మూసింది.

"మామయ్యా, ఇది ఊళ్ళు చూసి వచ్చేవాళ్ళు కొనే బండి కాదు."

ఆర్విడ్ టార్చి ఆర్పాడు. "గట్టిది కదా అని..."

"నాకు చెప్పకండి. ఇది వెళ్ళిపోయేవాళ్ళ బండి. మీరు మళ్ళీ రారు. అంతేనా?"

అతను పక్కకు తప్పుకుందామంటే చోటు లేదు. ఒకరు కూర్చుంటే గానీ ఇంకొకరు కదల్లేని ఇరుకు. అతను మంచం అంచున కూర్చున్నాడు.

"కోపమొస్తే తిట్టాల్సింది" అంది కొరీన్. "ఆదివారం చర్చిలో రస్ చెయ్యి చాపితే మీరు పాటల పుస్తకం కోసం వెతుక్కున్నారు. అప్పుడే అర్థమైంది నాకు. టాడ్ చోట్లో ఇంకో మగాణ్ణి చూడలేకపోతున్నారు. ఆ మాట నా మొహాన అనకుండా, చక్రాల మీద ఇల్లు కొనుక్కుని పోతారా?"

"అది కాదమ్మాయ్."

"మరేంటి?"

"చెయ్యి కలిపితే అందరి ముందూ ఏడ్చేస్తానని భయపడ్డాను. అతను రోజూ పొద్దున్నే మెట్ల మీద బూట్లు తొడుక్కోవడం చూస్తూనే ఉన్నాను కొరీన్. నిన్నయితే జారి పడబోయాడు. ఎదిగిన మనిషి నా మూలంగా దొంగలా నడుస్తున్నాడు. నువ్వు నీ సొంత ఇంట్లో నవ్వు వచ్చినా నోరు నొక్కుకుంటున్నావు. గోడ పక్కన నాకు వినపడుతుంది, నువ్వు నవ్వకపోవడం."

కొరీన్ మొహం ఎర్రబడింది. "మీకు తెలుసా?"

"ఊరంతటికీ తెలుసు. అతని ట్రక్కు పసుపు రంగుది."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గోడకు ఆనుకుంది. ఆర్విడ్ తన చేతుల వంక చూసుకుంటూ, చలికాలమంతా లోపల దాచుకున్న మాట బయటపెట్టాడు.

"కొడుకు ఉంటేనే కదా కోడలు. వాడు లేడు. రేపు నువ్వు రస్‌ని చేసుకుంటావు, చేసుకోవాలి కూడా. అప్పుడు నేను నీకు ఏమవుతాను? ఆ ఇంట్లో ఏ పేరుతో ఉండాలి? ఎవరైనా అడిగితే నువ్వేం చెబుతావు? నీకు ఆ ఇబ్బంది రాకముందే..."

"నా ఇబ్బంది సంగతి మీకెందుకు?" గట్టిగా అరిచింది కొరీన్. "నా ఇబ్బంది ఏంటో ఒక్కసారైనా అడిగారా? నేను టాడ్ గురించి ఎవరితో మాట్లాడాలి? రస్‌తోనా? అతను పాపం వింటాడు, కానీ నాకు నోరు రాదు. మా అమ్మతోనా? ఇంక మర్చిపో అంటుంది. టాడ్ ఎలా నవ్వేవాడో, ఎలా అలిగేవాడో తెలిసిన మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ నాలుగేళ్ళుగా టాడ్ పేరెత్తలేదు. ఏదో ఒకరోజు ఎత్తుతారని కాచుకుని ఉన్నాను. మీరు బండి కొనుక్కుంటున్నారు."

ఆర్విడ్ తలెత్తి చూశాడు. నిజమే. ఆమె బాధపడుతుందని అతను, అతను బాధపడతాడని ఆమె. రస్ ఒక్కడే కాదు, ఆ ఇంట్లో ముగ్గురూ మునివేళ్ళ మీదే నడుస్తున్నారు.

"నీకు నొప్పి కలుగుతుందని..." అన్నాడు.

కొరీన్ వచ్చి అతని పక్కన కూర్చుంది. ఒక్కరికోసం చేసిన మంచం కిర్రుమంది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఏడ్చారు. ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి. అంత్యక్రియల రోజున కూడా ఒకరి ముందొకరు ధైర్యంగా ఉన్నవాళ్ళు.

తలుపు మీద కర్ర చప్పుడైంది. "లోపల కేకలు వినిపించాయి. నేల గానీ విరిగిందా?"

"లేదు మెల్విన్ గారూ, నేల గట్టిదే" అంది కొరీన్ ముక్కు తుడుచుకుంటూ. తర్వాత మామగారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి. నా గొడవ, రస్ గొడవ పక్కన పెట్టండి. మీకు వెళ్ళాలని ఉందా?"

ఆర్విడ్ ఆలోచించాడు. ముప్ఫై ఏళ్ళపాటు జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. ఆ రోడ్లన్నీ జిల్లా సరిహద్దు దగ్గర వెనక్కి తిప్పుకోవలసినవే. "ఉంది" అన్నాడు.

"అయితే వెళ్ళండి. కానీ తప్పుకోవడానికి కాదు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. నాకు తెలియని టాడ్ సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే వచ్చి బండి చక్రాల గాలి తీసేస్తాను."

* * *

అక్టోబరులో ఆర్విడ్ ఆ బండితో బయల్దేరాడు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ నాటికి అరిజోనా ఎడారిలో, ఎవరికీ అడ్డు రాని చోట బండి ఆపుకున్నాడు.

బండి విషయంలో అతని ఎంపిక తప్పు కాలేదు. గాలివానకు చుక్క కారలేదు. తలుపు వదులు కాలేదు. కానీ ఒంటరితనానికి పరీక్ష పెట్టి చూసుకునే మార్గం ఉండదు. పొద్దున్నే కెటిల్ కూత పెట్టకముందే దించేసేవాడు. తర్వాత గుర్తొచ్చేది, చెడిపోవడానికి ఇక్కడ ఎవరి నిద్రా లేదని. ఒక కప్పు, ఒక పళ్ళెం, ఒక చెంచా. కడగడం అయిపోయాక రోజంతా మిగిలిపోయేది. దూరంగా ఉన్న బండివాళ్ళు చెయ్యి ఊపితే ఆ రోజుకు అదే పెద్ద మాట. కొన్ని ఉదయాలు ఎండ సరిగ్గా అతని బల్ల మీదికే వచ్చి కూర్చునేది. దానికి అతను కృతజ్ఞుడు.

ఆదివారాలు మాత్రం వేరు. వారమంతా వెతికి ఒక సంగతి సిద్ధం చేసుకునేవాడు. ఎనిమిదేళ్ళ టాడ్ సరస్సులో పెద్ద చేపను పట్టి, చంపనివ్వకుండా స్నానాల తొట్టిలో పెంచిన కథ చెప్పాడు. దానికి పేరు కూడా పెట్టాడనీ, వారంపాటు మార్నా పక్కింటికి వెళ్ళి స్నానం చేసిందనీ చెబితే, అటువైపు కొరీన్ గట్టిగా, నోరు నొక్కుకోకుండా నవ్వింది. ఆ నవ్వు కోసం అతను వారం రోజులు సులువుగా గడపగలిగేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చెప్పడానికి ఏమీ దొరకలేదు. రెండు రోజులు వెతుక్కున్నాడు. టాడ్ చిన్నతనం కథలన్నీ అయిపోయాయి. ఫోన్ మోగితే తీయడానికి భయం వేసింది.

"అయిపోయాయి కొరీన్" అన్నాడు. "నా దగ్గర ఇంక లేవు."

ఇంక ఈమె ఎందుకు ఫోన్ చేస్తుంది, అనుకున్నాడతను.

"అయితే ఇక నా వంతు" అంది కొరీన్. "టాడ్ నన్ను మొదటిసారి మీ ఇంటికి తీసుకొచ్చిన రోజు మీకు గుర్తుందా?"

"వాన పడింది. అంతే గుర్తు."

"దారిలో కారాపి మరీ చెప్పాడు. మా నాన్న మాట్లాడడు, కంగారు పడకు. ఆయనకు నువ్వు నచ్చావని తెలియాలంటే ఒకటే గుర్తు, యాపిల్ కోసి నీ ముందు పెడతాడు, అన్నాడు. భోజనమైంది. మీరేం మాట్లాడలేదు. అప్పుడు మీరు లేచి, జేబులోంచి చాకు తీసి, ఒక యాపిల్ కోసి, గింజలు తీసి మరీ నా పళ్ళెంలో పెట్టారు."

"నాకు గుర్తు లేదే."

"టాడ్‌కు గుర్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు కారులో తను ఏడ్చాడు మామయ్యా. ఇంక నువ్వు మా మనిషివి, నేనున్నా లేకపోయినా, అన్నాడు. పిచ్చివాడా, అని నవ్వాను."

ఆర్విడ్ బల్ల అంచు పట్టుకున్నాడు. తన కొడుకు గురించి తనకు తెలియని సంగతి. చనిపోయినవాడు కొత్తగా ఒక మాట అన్నట్టు ఉంది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

"కాపురం చేసినదాన్ని, బోలెడున్నాయి. కానీ ఫోన్లో చెప్పను. వచ్చి వినండి."

"అక్కడింకా మంచు కదా?"

"మోకాలి లోతు. రస్ మీ బండి పట్టేంత చోటు తోసి ఉంచాడు. వారం నుంచీ పడుతూనే ఉంది, అతను తోస్తూనే ఉన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు."

ఫోన్ పెట్టాక ఆర్విడ్ కప్పు కడిగి బీరువాలో పెట్టాడు. బయటికి వచ్చి బండి కింద ఊతకాళ్ళు ఒక్కొక్కటే పైకి తిప్పసాగాడు. కుక్కను తిప్పుకుంటూ అటుగా వస్తున్న ఒకాయన ఆగాడు.

"ఇంత చలిలో ఉత్తరానికా పెద్దాయనా? వసంతం దాకా ఆగలేరా?"

"ఆగలేను" అన్నాడు ఆర్విడ్. "మా కోడలు రమ్మంది."